కోయిలకు చోటులేని పాట

అనగనగా అంటే ఎన్నేళ్ళ కిందటో నాకూ సరిగ్గా తెలీదు గాని పిల్లలూ, కంకణపురం అనే ఊళ్ళో మణికేతుడని ఒక రాజుండేవాడు. ఆ రాజుకి ముగ్గురు కొడుకులు, మూడు కోటలు, మూడొందల తాళంచెవులు. తాళంచెవులెందుకంటారా? ఆ రాజు ఎవర్నీ నమ్మడు. వండినవాడు ముందు తినాలి, వడ్డించినవాడు తర్వాత తినాలి, పిల్లి ఆ తర్వాత తినాలి. అప్పటికి చల్లారిపోయిన అన్నం రాజు తినాలి. మధ్యలో పిల్లి తుమ్మిందంటే ఆ పూట పస్తే.

పుట్టుకతో అలాంటివాడు కాదు పాపం. ఒక సంగతి జరిగి అలా అయ్యాడు.

ఆయన రాణి పేరు కుముదవల్లి. ఆవిడ రోజూ పొద్దున్నే తంబురా మీటుకుంటూ ఒక పాట పాడేది. పాటలో మాటల్లేవు. ఐదే ఐదు స్వరాలు. స, రి, గ, ప, ద. మోహన రాగం అంటారు చూడండి, అది. ఆ పాట వింటే అలిగిన పిల్లాడు లేచి అన్నం తినేవాడు, తన్నే ఆవు నిలబడి పాలిచ్చేది. ఒకరోజు వక్రకంఠుడనే మాంత్రికుడు సంగీతం పంతులు వేషంలో వచ్చాడు. నుదుట విభూతి, చంకలో తంబురా, నోట్లో తేనె.

"అమ్మా, మీ పాట ఒక్కసారి వింటే ఈ జన్మకి చాలు" అన్నాడు.

రాణి పాడింది. పాట అయ్యేసరికి రాణి లేదు, పంతులూ లేడు. ఆవిడ కూర్చున్న పీట మీద ఒక పచ్చటి ఈక మాత్రం ఉంది. చిన్న కొడుకు నీలకేతుకి అప్పటికి రెండేళ్ళు. ఆ ఈక పట్టుకుని ఆడుకుంటుంటే రాజు లాక్కుని చూసి గొల్లుమన్నాడు.

ఆ రోజే దండోరా వేయించాడు. "సంగీతం నా కొంప ముంచింది. ఇకమీదట నా రాజ్యంలో తంబురా కనిపించకూడదు, శ్రుతి వినిపించకూడదు!"

ఊళ్ళో తంబురాలన్నీ తెచ్చి కుప్పపోసి తగలబెట్టారు. మరి పాటలో? పాట లేకుండా జనం బతుకుతారా? నాట్లేస్తూ పాడుకున్నారు, దంచుతూ పాడుకున్నారు. ఎవరి గొంతుకు ఎక్కడ కుదిరితే అక్కణ్ణుంచి ఎత్తుకున్నారు. పెళ్ళిలో సన్నాయివాడు వాయిస్తుంటే పక్కన శ్రుతి పట్టాల్సినవాడు నోరు మూసుకుని తాంబూలం నములుతూ కూర్చున్నాడు. అలా ఇరవై ఏళ్ళు గడిచాయి. పాటలు తెలిసినవాళ్ళు ఊరినిండా ఉన్నారు. పాట దేని మీద నిలబడుతుందో తెలిసినవాళ్ళు మాత్రం ఒక్కరూ మిగల్లేదు. అనుమానంతో చేసిన పని అలాగే ఉంటుంది మరి. దొంగ పోతాడు, ఇంట్లో దీపం ఆరిపోతుంది.

ఇరవై ఏళ్ళ తర్వాత ఒక ఓడ సరంగు వచ్చి రాజుతో చెప్పాడు. "ప్రభూ, ఏడు సముద్రాల అవతల పచ్చదీవి ఉంది. అక్కడ వక్రకంఠుడి తోట ఉంది. ఎత్తుకుపోయిన మనుషుల్ని చిలకల్ని చేసి పంజరాల్లో పెట్టాడు. రాణిగారు పాడే పాట ఆ తోటలో నా చెవులారా విన్నాను."

రాజు ఆ సరంగుని మూడు రోజులు గదిలో పెట్టి తాళం వేసి, అదే మాట మూడుసార్లు చెప్పించి, అప్పుడు వదిలాడు.

పెద్దకొడుకు జయకేతు కత్తి కట్టుకుని బయల్దేరాడు. నెల తిరిగేసరికి గాలికి ఒక పచ్చ ఈక వచ్చి కోటలో పడింది. రెండోకొడుకు వీరకేతు డాలు కట్టుకుని బయల్దేరాడు. నెల తిరిగేసరికి ఇంకో పచ్చ ఈక వచ్చి పడింది. రాజు ఆ రెండు ఈకల్నీ కూడా పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

ఇక మిగిలింది నీలకేతు. వాణ్ణి పెంచింది సోమమ్మని ఒక కుమ్మరి ముసలమ్మ. సోమమ్మ చక్రం పక్కనే వాడు పెరిగాడు. "రంగు చూసి కుండని నమ్మకు నాయనా, వేలితో కొట్టి విను. బీట ఉంటే కంటికి దాస్తుంది గాని చెవికి దాయలేదు" అని చెప్పేది. అందుకని నీలకేతు కనిపించినదల్లా కొట్టి వినేవాడు. స్తంభం కొట్టేవాడు, తలుపు కొట్టేవాడు, ఒకసారి మంత్రిగారి బోడిగుండు కూడా కొట్టి చూశాడు.

"నాయనగారూ, నేను వెళ్ళొస్తాను" అన్నాడు తండ్రితో.

రాజు వాణ్ణి కిందనుంచి పైదాకా చూశాడు. "నిజంగా అమ్మ కోసమేనా? ఈ చల్లన్నం తినలేక పారిపోతున్నావా?"

"రెండూనండి" అన్నాడు నీలకేతు.

ఆ జవాబు విని రాజుకి కాస్త నమ్మకం కుదిరింది. పోనిచ్చాడు.

సోమమ్మ పది పెద్ద బానలు తెచ్చి వరసగా పెట్టింది. నీలకేతు ఒక్కొక్కటీ కొట్టి విన్నాడు. మూడు పలకలేదు, పక్కన పెట్టాడు. మిగిలిన ఏడూ సోమమ్మ బోర్లించి, వెదురు కట్టి, తెప్ప చేసింది.

"అవ్వా, అమ్మ పాట ఎలా ఉంటుందో ఒక్కసారి అను" అన్నాడు.

సోమమ్మ చుట్టూ చూసి, ఎవరూ లేరని రూఢి చేసుకుని, చిన్నగా కూనిరాగం తీసింది. "ఈ ఐదు స్వరాలేనయ్యా. నా గొంతు ముసలిదైంది. మీ అమ్మ తంబురా పక్కనుంటే ఆ తీరే వేరు. మొదటి తీగ మీటితే తోటలో కోయిల కూసినట్టుండేది."

నీలకేతు తెప్ప ఎక్కాడు.

మొదటి సముద్రం దాటాడు. ఒక బాన పగిలింది. రెండో సముద్రం దాటాడు. ఇంకో బాన పగిలింది. అక్కడొక దీవి. దీవిలో ఒక మగనెమలి, తోక ముడుచుకుని దిగులుగా ఉంది.

"బాబూ, పచ్చదీవికేనా? నన్నూ తీసుకెళ్ళు. నా ఆడనెమలి ఆ మాంత్రికుడి తోటలో చిలకై ఉంది" అంది.

నీలకేతు తెప్ప దిగలేదు. "నువ్వే ఆ మాంత్రికుడివి కాదని నాకేంటి నమ్మకం?"

"కూసి చూపించనా?"

"ఇప్పుడు కాదు. పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి కూయి. వింటాను."

నెమలికి ఒళ్ళు మండింది. "నేను పుట్టినప్పట్నుంచీ ఒక్క స్వరమే పలుకుతున్నా. అబద్ధమాడదామన్నా నాకు రెండోది రాదే!" అంది. అన్నా మూడు పూటలా కూసింది. మూడు పూటలా ఒకటే. వెంట్రుకవాసి కూడా అటూ ఇటూ జరగలేదు. పెద్దలంటారు చూడండి, స అనే స్వరం నెమలి గొంతులోంచి పుట్టిందని. నీలకేతు నెమలిని ఎక్కించుకున్నాడు, కాని వీపు మాత్రం దానికేసి తిప్పి కూర్చోలేదు.

మూడో సముద్రం దాటారు. ఒక బాన పగిలింది. నాలుగో సముద్రం దాటారు. ఇంకో బాన పగిలింది. అక్కడొక దీవి. దీవిలో ఒక మేక.

"నన్ను కూడా ఎక్కించుకోండయ్యా, నా కూన అక్కడే ఉంది" అంది మేక. "వాడి తోట కంచె మేస్తూ ఒక రహస్యం విన్నాను. వాడి ప్రాణం వాడి ఒంట్లో లేదు. ఆ చిలకల్లోనే ఒక చిలకలో ఉంది. దాని మెడ నులిమితే వాడు చస్తాడు, మిగతా చిలకలన్నిటికీ అసలు రూపాలు వచ్చేస్తాయి."

"ఏ చిలక?"

"అది చెప్పేలోపలే కర్రుచ్చుకుని తరిమాడు నాయనా. చూడు, నడ్డి ఇంకా నెప్పే."

నీలకేతు మేకనీ మూడు పూటలు అరిపించాడు. మూడు పూటలా ఒకటే. గ అనే స్వరం. "నీ పరీక్షలకి నా గొంతెండిపోయింది, గుప్పెడు గడ్డైనా పెట్టు" అంటూనే ఎక్కింది. తెప్ప చిన్నదవుతోంది, ఎక్కేవాళ్ళు ఎక్కువవుతున్నారు.

ఐదో సముద్రం దాటారు. ఒక బాన. ఆరో సముద్రం దాటారు. ఇంకో బాన. ఇక ఒక్కటే మిగిలింది. అక్కడొక దీవి. దీవిలో ఆకుల చాటునుంచి ఒక గొంతు వినిపించింది, మనిషి కనబడదు, పిట్టా కనబడదు.

"నేనూ వస్తాను" అంది ఆ గొంతు. అది కోయిల.

"నీకెవరున్నారక్కడ?"

"ఎవరూ లేరు."

నీలకేతుకి వెంటనే అనుమానం. "ఎవరూ లేకుండా ఎందుకొస్తావు?"

కోయిల ఇవతలి కొమ్మ మీదికి వచ్చి వాలింది. తర్వాత అంది. "ఆ తోటలో బంగారు పంజరంలో ఒక చిలక ఏడుస్తూ పాడుతుంది. ఏ పాటలోనైనా ఇల్లు ఎక్కడుందో వెతుక్కుని, అక్కణ్ణుంచి ఐదో మెట్టు మీద కూర్చోవడం నా అలవాటు. ఆ పాటలో నాకు చోటు దొరకలేదు. ఎందుకో తెలీక నిద్ర పట్టడంలేదు. ఈమధ్య ఒకరి తర్వాత ఒకరు ఇద్దరు రాజకుమారులొచ్చారు. ఇద్దరూ తిన్నగా ఆ చిలక దగ్గరికే వెళ్ళి, 'అమ్మా' అని పిలిచి పంజరం తీశారు. తీసినవాళ్ళు తీసినట్టే చిలకలైపోయారు. అమ్మ కాని చిలకని అమ్మా అంటే అంతేనట."

"మా అన్నలు! కళ్ళారా చూసి నువ్వెందుకు ఆపలేదు?"

"ఏమని ఆపను? స్వరాలన్నీ అవే. తప్పెక్కడో నాకే తెలీదు. నాకు చోటు లేదని ఒక్కటే తెలుసు."

నీలకేతు నమ్మీ నమ్మక తలూపాడు. నెమలిని స పలకమన్నాడు. నెమలి గొంతు నిలిపింది. కోయిల దాని మీద ఐదో మెట్టు వెతుక్కుని ప దగ్గర వాలింది. మధ్యలో మేక ఊరుకోలేక గ అంది. స, గ, ప, మూడు గొంతులూ ఒక్కసారి మోగాయి. పిల్లలూ, మూడు గొంతుల్లా లేదది. ఇత్తడి గంట ఒక్కటే మోగినట్టుంది. ఇసకలో పీతలు కూడా నడక ఆపి నిలబడ్డాయి. బీట లేని కుండ ఎలా మోగుతుందో నీలకేతుకి తెలుసు. ఇది అలా మోగింది.

వాడు ఇసకలో గవ్వలు పేర్చాడు. సోమమ్మ కూనిరాగం తలుచుకుంటూ ఒక్కో స్వరానికి ఒక్కో గవ్వ. స పక్కన రి, దగ్గరగా. రి పక్కన గ, దగ్గరగా. గ తర్వాత ప, ఎడంగా. ప పక్కన ద, దగ్గరగా. ద తర్వాత మళ్ళీ పై స, ఎడంగా.

"ఇది అమ్మ పాట. దగ్గర, దగ్గర, ఎడం, దగ్గర, ఎడం. వీధిలో ఐదిళ్ళు" అన్నాడు.

నెమలి ముక్కుతో గవ్వల్ని పొడిచింది. "ఇళ్ళు పేర్చావు సరే. పాట ఏ ఇంటిది, ఏ స్వరం మీద ఆగుతుంది? బయల్దేరినవాడు చివరికి ఏ గుమ్మంలో చెప్పులు విప్పుతాడు? అది చెప్పకుండా పాట తెలుసంటే ఎలా?"

నీలకేతు దగ్గర జవాబు లేదు. వాళ్ళ ఊళ్ళో ఎవరి దగ్గరా లేదు.

ఏడో సముద్రం ఒక్క బాన మీద దాటారు. మేక బాన మీద కూర్చుంది, నెమలి మేక మీద కూర్చుంది, నీలకేతు బాన అంచు పట్టుకుని ఈదాడు. కోయిల ఎగిరింది. ఒడ్డు తగలగానే ఆ బానా పగిలింది. వెనక్కి పోవడానికి ఇక దారి లేదు.

పచ్చదీవి తోట గేటు బార్లా తెరిచి ఉంది. కాపలా లేదు. వచ్చినవాళ్ళు తాగడానికని కుండతో చన్నీళ్ళు కూడా పెట్టి ఉన్నాయి. నీలకేతు ఆ నీళ్ళు ముట్టుకోలేదు. తలుపు మూసి ఉంటే ఒక అనుమానం, తెరిచి ఉంటే పది.

లోపల ఉయ్యాల మీద వక్రకంఠుడు కిళ్ళీ నములుతూ ఊగుతున్నాడు. "రా నాయనా రా, ఎండన పడొచ్చావు. మీ అన్నలూ వచ్చారు, ఇక్కడే ఉన్నారు. మీ అమ్మని వెతుక్కో. నేనేం అడ్డు రాను" అన్నాడు మర్యాదగా.

మూడొందల పంజరాలు. మూడొందల చిలకలు. అందులో పాడేవి రెండే రెండు. బంగారు పంజరంలో ఒకటి, పాడుతూ ఏడుస్తోంది, ఏడుస్తూ పాడుతోంది. దూరంగా గోడవార వెదురు పంజరంలో ఇంకోటి, ఈకలూడిపోయిన ముసలి చిలక. అది జాంకాయ కొరుక్కుంటూ మధ్యమధ్య హాయిగా పాడుతోంది.

"పాపం, ఈ తల్లి ఇరవై ఏళ్ళుగా ఇలా ఏడుస్తూనే ఉంది" అన్నాడు వక్రకంఠుడు బంగారు పంజరం చూపించి. "అదేమో తిండిపోతు. ఎవరు పోయినా దానికి లెక్కలేదు."

నీలకేతు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొడుకుల్ని పోగొట్టుకున్న తల్లి ఏడవక జాంకాయ తింటుందా? కాళ్ళు వాటంతటవే బంగారు పంజరం వైపు నడిచాయి. అమ్మా అనే మాట పెదాల దాకా వచ్చింది.

అక్కడ ఆగాడు. రెండు పాటల్నీ మళ్ళీ విన్నాడు. అవే ఐదు స్వరాలు. ఒకదాంట్లో లేనిది ఇంకోదాంట్లో లేదు. మరి ఒకచోట నవ్వెలా అయింది, ఒకచోట ఏడుపెలా అయింది? ఒకటి అమ్మయితే, పనిగట్టుకుని అమ్మ పాట నేర్పిన రెండోదాంట్లోనే వాడి ప్రాణం ఉండాలి. ఒక చిలక ప్రాణం తీస్తే మాంత్రికుడు పోతాడు. ఇంకో చిలక ప్రాణం తీస్తే కన్నతల్లి పోతుంది. పొరపాటుకి రెండో అవకాశం లేదు.

"నెమలి మామా, స పట్టుకో. వదలకు" అన్నాడు.

నెమలి స పట్టింది. ముసలి చిలక పాట వీధంతా తిరిగి తిరిగి వచ్చి నెమలి గుమ్మంలోనే ఆగింది. బంగారు పంజరం పాట కూడా తిరిగింది. కాని నెమలి గుమ్మం దగ్గరికొచ్చి ఆగకుండా దాటిపోయి, మేక గుమ్మంలో చెప్పులు విప్పింది. ప్రతిసారీ అంతే. గ దగ్గరే దాని ఇల్లు.

నీలకేతు కింద కూర్చుని ఐదు గులకరాళ్ళు పేర్చాడు. మూడో రాయి దగ్గర నిలబడి లెక్కపెట్టాడు. ఎడం, దగ్గర, ఎడం, దగ్గర, దగ్గర. రాయి ఒక్కటీ కదపలేదు. నిలబడ్డ చోటు మారేసరికి వీధే మారిపోయింది! అలా పాడితే హిందోళం అవుతుందని తర్వాత వాళ్ళమ్మ చెప్పింది. హిందోళం చెడ్డదని కాదు సుమా, అదీ మంచి రాగమే. తప్పు రాగానిది కాదు, దొంగది.

కాని ఇక్కడితో అయిందా? రెండిట్లో ఏది అమ్మ ఇల్లు? గ దగ్గర నిలబడేదే అమ్మైతే?

"కోయిలమ్మా" అన్నాడు నీలకేతు, "మేక గుమ్మాన్ని ఇల్లనుకో. అక్కణ్ణుంచి ఐదో మెట్టు చూడు."

మేక గ పట్టింది. కోయిల ఎగిరింది. గ ఒకటి, మ రెండు, ప మూడు, ద నాలుగు, ని ఐదు. ఆ ఐదో మెట్టు మీద కూర్చోబోయింది. అక్కడ ఇల్లే లేదు. ఆ పాటలో ని లేనే లేదు కదా. కోయిల గాల్లో రెక్కలు కొట్టుకుంటూ ఉండిపోయింది.

"ఇదే, ఇదే! నాకు చోటు లేదన్నది ఇందుకే!" అని అరిచింది.

"మా అమ్మ తంబురా మొదటి తీగ కోయిల కూసినట్టు మోగేదట" అన్నాడు నీలకేతు మెల్లిగా. "రోజూ ఆ తీగ మీటుకుని పాడినావిడ కోయిలకు చోటు లేని ఇంట్లో ఎందుకుంటుంది?"

ఉయ్యాల ఆగింది. కిళ్ళీ నమలడం ఆగింది. వక్రకంఠుడు నీలకేతుని కాదు, బంగారు పంజరాన్ని చూస్తున్నాడు.

అప్పుడు బంగారు పంజరంలో చిలక మాట్లాడింది. "నాయనా నీలకేతూ! రెండేళ్ళ పసివాణ్ణి వదిలొచ్చాను రా. నన్నే అనుమానిస్తావా? చంపితే చంపు. చంపేముందు ఒక్కసారి, ఒక్కసారి అమ్మా అని పిలిచి తలుపు తియ్యి."

నీలకేతు పంజరం తలుపు మీద చెయ్యి వేశాడు. పేరెలా తెలిసింది? అన్నలు చెప్పి ఉంటారు. పిలవమని ఎందుకంత తొందర? పిలిస్తే ఏమవుతుందో కోయిల చెప్పింది. వాడు పెదాలు గట్టిగా బిగించి, మాట్లాడకుండా తలుపు లాగి, చిలకని పట్టుకుని మెడ నులిమాడు.

ఉయ్యాల మీదనుంచి వక్రకంఠుడు దబ్బున పడ్డాడు. వాడి ఎత్తు ఏమిటో తెలుసా? ఏడు సముద్రాల అవతల దాచినా ప్రాణం కోసం ఎవడో ఒకడు వస్తాడని వాడికి తెలుసు. అదే ఒక తల్లి గొంతులో దాచుకుంటే ఏ కొడుకు చెయ్యెత్తుతాడు? అందుకే రాణి పాట ఎత్తుకొచ్చి తన చిలకకి నేర్పాడు. ఐదు స్వరాలూ దొంగిలించాడు. అవి ఏ ఇంటివో తెలియక, గ దగ్గర కాపురం పెట్టాడు.

మూడొందల పంజరాల తలుపులు టపటపా ఊడిపోయాయి. తోటనిండా మనుషులే మనుషులు. నెమలి దగ్గరికి ఆడనెమలి పరుగెత్తింది, మేక దగ్గరికి కూన. జయకేతు ఒళ్ళు దులుపుకుంటూ వచ్చి, "నేనూ అదే చిలకనే అనుమానించాను తమ్ముడూ" అన్నాడు.

"అనుమానించే తలుపు తీశావా అన్నా?" అన్నాడు వీరకేతు.

"నువ్వు మాత్రం?"

వాళ్ళని అలా వదిలి నీలకేతు గోడవారకి పరుగెత్తాడు. వెదురు పంజరం పక్కన తల నెరిసినావిడ నిలబడి ఉంది. చేతిలో ఇంకా జాంకాయ ఉంది.

"అమ్మా!"

ఆవిడ వెనక్కి అడుగేసింది. "ఆగు! దగ్గరికి రాకు. నువ్వెవరివి?"

"నీ చిన్నకొడుకుని, నీలకేతుని."

"ఆ మాట ఇంతకుముందు ముగ్గురన్నారు. ముగ్గురూ వాడే. నా పెద్దకొడుకై వచ్చాడొకసారి, రెండోకొడుకై వచ్చాడొకసారి, నీలకేతునని కూడా వచ్చాడొకసారి. మళ్ళీ పాడించుకుందామనేగా? పో అవతలికి!"

నీలకేతు అక్కడే ఆగాడు. ఇన్నాళ్ళూ అందర్నీ వాడు పరీక్షించాడు. ఇప్పుడు వాణ్ణి పరీక్షిస్తుంటే చూపించడానికి ఏమీ లేదు. రెండేళ్ళప్పటి ముఖం ఎక్కణ్ణుంచి తెస్తాడు? ఏం చెయ్యాలో తోచక, ఆవిడ పాటే పాడటం మొదలెట్టాడు.

అయ్యో పిల్లలూ, ఏం చెప్పమంటారు! వినడంలో అంత గట్టివాడా, గొంతు విప్పితే స ఒక ఊళ్ళో, రి ఇంకో ఊళ్ళో. ప కోసం ఎగిరి కిందపడ్డాడు. మేక చెవులు దించుకుంది. నెమలి మర్యాదకి అటు తిరిగింది.

రాణి చేతిలో జాంకాయ జారిపోయింది. నవ్వింది, ఏడ్చింది, రెండూ ఒక్కసారే. "వాడు ఎన్ని వేషాలేసినా గొంతులో తప్పు పలికేవాడు కాదు రా. ఇంత ఘోరంగా పాడేది లోకంలో మీ నాన్నగారొక్కరే. నువ్వు నా కొడుకువే" అని దగ్గరికి తీసుకుంది.

"ఏడవకుండా అంత హాయిగా ఎలా పాడావమ్మా?"

"ఏడిస్తే పాట మారిపోతుందని భయం. ఎప్పుడైనా మీరొస్తే ఇంట్లో పాడినట్టే వినబడాలి కదా నాన్నా."

వెనక్కి పోవడానికి తెప్ప లేదన్నాను కదా. చిలకలైనవాళ్ళలో రత్నద్వీపం రాజకుమారి తరళ ఉంది. వాళ్ళ దీవిలో ఆడామగా అందరికీ పడవ కట్టడం వచ్చు. ఆమె చీర చెంగు బిగించి, "ఏడ్చింది చాలు, పంజరాలు విప్పండి" అని అందర్నీ పనిలో పెట్టింది. పంజరాల వెదురుతోనే పడవ లేచింది. నీలకేతు ప్రతి వెదురూ కొట్టి వినడం చూసి, "నన్ను కూడా వేలితో కొట్టి చూస్తారా ఏమిటి?" అంది.

"అక్కర్లేదండి. మీరు మూడు రోజుల్నుంచీ అందర్నీ తిడుతున్నారు. మూడు రోజులూ ఒకటే స్వరం" అన్నాడు నీలకేతు.

తరళ తిట్టబోయి నవ్వేసింది. అక్కడే కుదిరింది సంబంధం.

కంకణపురం రేవులో మూడొందల మంది దిగేసరికి రాజు కోట తలుపులన్నీ మూయించాడు. బురుజు మీదనుంచి తొంగి చూసి, "రాణి వేషంలో ఎవరొచ్చినా తలుపు తియ్యం!" అని అరిచాడు.

కుముదవల్లి నడుం మీద చెయ్యేసుకుంది. "ఆ గడ్డమేమిటి, ఆ అవతారమేమిటి? ఊళ్ళో తంబురాలు తగలబెట్టించారటగా? నేను లేకపోతే ఇంత తెలివి తక్కువ పని చేస్తారా? తలుపు తీస్తారా, నన్ను మళ్ళీ చిలకనై పొమ్మంటారా?"

రాజు బురుజు మీదనుంచి ఇంకాస్త ముందుకు వంగాడు. మోసగాళ్ళెవరూ ఆయన్ని తిట్టలేదు ఇన్నాళ్ళూ. అందరూ తేనె మాటలే. "తియ్యండ్రా, తియ్యండి! ఈవిడ ఆవిడే!" అని మెట్లన్నీ మూడేసి చొప్పున దూకి వచ్చాడు.

నీలకేతుకీ తరళకీ పెళ్ళయింది. అన్నలిద్దరూ సింహాసనం మాకొద్దు బాబూ అన్నారు. నీలకేతే రాజై నలభై ఏళ్ళు ఏలాడు. తగువులు చెప్పుకోవడానికి ఎంతోమంది వచ్చేవాళ్ళు. ఒకసారి ఒక అత్తా కోడలూ వచ్చారు. ఇద్దరూ చెప్పిన సంగతులు ఒక్కటే, ఒక్క మాట తేడా లేదు. కాని అత్త చెబుతుంటే సభ అంతా అత్త కోసం ఏడ్చింది, కోడలు చెబుతుంటే కోడలి కోసం ఏడ్చింది. మంత్రులు తల పట్టుకున్నారు. ఇద్దరిలో ఒకరు అబద్ధమాడుతున్నారని అనుమానించారు.

నీలకేతు మాత్రం సింహాసనం దిగి వచ్చి, అత్తని కోడలు నిలబడ్డ చోట నిలబెట్టాడు, కోడల్ని అత్త నిలబడ్డ చోట నిలబెట్టాడు. "ఇప్పుడు అదే సంగతి మళ్ళీ చెప్పండమ్మా" అన్నాడు.

ఇద్దరూ నోరు తెరిచారు. ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అవతలివాళ్ళ చోటునుంచి చూస్తే ఆ సంగతే వేరుగా ఉంది. చివరికి అత్త, "పద, ఎండెక్కుతోంది, పిల్లలు ఆకలితో ఉంటారు" అని కోడలి చెయ్యి పట్టుకుని బయటికి నడిచింది.

వాళ్ళు ఇంటికి చేరారు. మీరూ లేవండి మరి, మీ అమ్మలు పిలుస్తున్నారు.